క్రేను దిగబడిన కోర్టు

ఆటల ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు ముగ్గురు మా ఇంటికొచ్చి, "మీ అనుభవాలు రాయండి మేడంగారూ, మాకు పనికొస్తాయి" అన్నారు. పనికొస్తాయో లేదో తెలీదు. నా ఉద్యోగం పేరేమిటో నాకే సరిగ్గా తెలీదు. అమలాపురంలో ఒక ఆడపిల్లల కాలేజీలో ఆటల గదికి అటెండర్ని. అది కాగితం మీద. గ్రౌండు మీద కబడ్డీ కోచ్‌ని. జీతం మొదటిదానికి ఇచ్చేవారు, తిట్లు రెండోదానికి.

మా అమ్మ ఆ కాలేజీలో ఊడ్చేది. ఆవిడ పోయాక చీపురు నా చేతికొచ్చింది. చదువుకోలేదు. కోత కోసిన చేలల్లో చెడుగుడు ఆడాను, అంతే. ఒకరోజు ఊడుస్తూ ఊడుస్తూ, గ్రౌండులో పిల్లలు ఒకర్నొకరు పట్టుకోవడం చూసి, "అది పట్టా, కౌగిలింతా?" అని అరిచాను. అప్పటి ఆటల మేష్టారు, "అయితే నువ్వే చూపించు" అన్నారు. చూపించాను. మర్నాటి నుంచి ఆయన హాయిగా కుర్చీలో కూర్చున్నారు. అలా కోచ్‌నయ్యాను. మీరు కోర్సులు చేసి వచ్చారు, సంతోషం.

అక్షరాలు ముప్పై దాటాక నేర్చుకున్నాను. అంతకుముందు బస్సు బోర్డు మీద మొదటి అక్షరం ఆకారం చూసి ఎక్కేదాన్ని. ఒకసారి పోటీలకి పిల్లల్ని రాజోలు తీసుకెళ్లాల్సింది, రావులపాలెం బస్సెక్కించాను. చాలాదూరం పోయాక సుహాసిని అనే పిల్ల మెల్లగా, "అక్కా, రాజోలు ఇటు కాదండీ" అంది.

"ముందే చెప్పొచ్చుగా!"

"తిడతారని చెప్పలేదండీ."

తిట్టాను కూడా. కోర్టు గీతలు గీయడానికి సున్నం ఉంటుందే, ఆ సున్నంతో ఆ వారం నుంచి నాకు నేలమీద అక్షరాలు దిద్దించింది ఆ పిల్లే. పేరు గుర్తుంచుకోండి. ముందు ముందు ఎమ్మెల్యే అవుతుంది.

గుడ్డూ, నిక్కరూ

ఆట పేదరికాన్ని జయిస్తుందని గోడల మీద రాస్తారు. రాసినవాళ్లెవరూ కబడ్డీ ఆడి ఉండరు. పేదపిల్లలు కబడ్డీకే ఎందుకొస్తారంటే బ్యాటు అక్కర్లేదు, బంతి అక్కర్లేదు, ఒళ్లుంటే చాలు. తీరా చూస్తే ఆ ఒళ్లు కూడా సగమే ఉంటుంది. అందుకని నా మొదటి పోరాటం ఎదుటి టీముతో కాదు, మా ప్రిన్సిపాల్‌గారితో. ఆడే పిల్లకి రోజుకో గుడ్డు ఇవ్వమని అడిగాను.

"టెన్నిస్ ఆడే పిల్లలు అడగలేదే?" అన్నారాయన.

"వాళ్లు ఇంట్లో తినొస్తారండీ."

ఆయన చాలాసేపు ఆలోచించి సగం గుడ్డు మంజూరు చేశారు. సగం గుడ్డు అనేది ఎలా వండుతారో ఆయన్నే వచ్చి చూపించమన్నాను. గుడ్డు పూర్తిగా వచ్చింది. నాకు మాత్రం ఆయనున్నంతకాలం గేటు దగ్గర డ్యూటీ వేశారు. పొద్దున గేటు, సాయంత్రం గ్రౌండు. మంచి బాసు, చెడ్డ బాసు అని మీరు తేల్చుకునేటప్పుడు, తిడుతూ గుడ్డు ఇచ్చేవాడు నవ్వుతూ ఇవ్వనివాడికంటే నయమని గుర్తుంచుకోండి.

రెండో పోరాటం నిక్కర్ల మీద. మా చర్చి పెద్దగారు ఒకాయన పిలిపించారు. "ఏంటమ్మా మార్తమ్మా, ఆడపిల్లలు నిక్కర్లేసుకుని దుమ్ములో దొర్లడమేటి?"

"చీర కట్టుకుని కూతకెళ్తే పట్టుకున్నవాళ్ల చేతిలో చీరే మిగుల్తుందండీ."

ఆయన దగ్గు వచ్చినట్టు నటించి లేచి వెళ్లిపోయారు. మరుసటేడు ఆయన మనవరాలే మా టీములో కుడిమూల నిలబడింది. రైతుల ఇళ్లలో కూడా ఇదే మాట, ఇదే దగ్గు. ఈ విషయంలో కోనసీమలో కులమతాల తేడా నేనైతే చూడలేదు.

పేదరికాన్ని తీసేది ఆట కాదు, ఆట వల్ల వచ్చే ఉద్యోగం. నా దగ్గర ఆడినవాళ్లలో కొద్దిమందికే పోలీసుల్లోనో రైల్వేలోనో ఆటల కోటాలో ఉద్యోగాలొచ్చాయి. వాళ్ల ఫొటోలు ఆటల గదిలో ఉన్నాయి. రానివాళ్లు రొయ్యల షెడ్లలో తలకాయలు ఒలుస్తున్నారు, గల్ఫులో వంటపని చేస్తున్నారు, కాపురాలు చేసుకుంటున్నారు. వాళ్ల ఫొటోలు లేవు. మీ పనిని తూకం వేసుకునేటప్పుడు వాళ్లని కూడా తక్కెడలో పెట్టుకోండి. వాళ్లకి ఆట ఏమీ ఇవ్వలేదని కాదు. ఒకామె సంతలో కనబడి చెప్పింది: "మా ఆయన తాగొచ్చి చెయ్యెత్తేడక్కా. చీలమండ పట్టి పడేసేను. మళ్లీ ఎత్తలేదు." దాన్ని ఏ కోటాలో వేస్తారో మీరే తేల్చండి.

పైకి నేల, లోపల పరుపు

పెద్దపెద్ద పోటీలు ఇప్పుడు రబ్బరు చాపల మీద జరుగుతున్నాయి. మాకు చాపలు లేవు. మాకున్నది పొట్టు కోర్టు. మోకాలి లోతు తవ్వి, రాళ్లు ఏరి, కాలవ ఒండ్రు జల్లించి, దాంట్లో పీచు మిల్లు నుంచి తెచ్చిన కొబ్బరి పొట్టు కలుపుతాం. నీళ్లు చిలకరించి పైన చదును చేస్తే సిమెంటు వేసినంత నున్నగా కనబడుతుంది. లోపల మాత్రం పరుపే. పిల్ల ఎంత గట్టిగా పడినా మోకాలు చెక్కుకుపోదు. చుట్టూ తాడు కట్టి ఉంచుతాం, ఆవులూ మోటారుసైకిళ్లూ ఎక్కకుండా.

నా ఉద్యోగం చివరి సంవత్సరంలో ఆ కోర్టు మీద కబడ్డీ అకాడమీ సెలక్షన్లు పెట్టారు. అకాడమీలో పేరొస్తే తిండి, చదువు, బస అన్నీ వాళ్లవే. నిలదొక్కుకుంటే తర్వాత ఉద్యోగానికి దారి. మా టీములో దీవెన అనే పిల్ల ఉండేది, మామిడికుదురు దగ్గరి ఊరు. తండ్రి లేడు. తల్లి రత్నం కువైట్లో ఒక ఇంట్లో వంటపని. రత్నానికి మోకాళ్లు అరిగిపోయాయి, ఇంటికొచ్చేయాలని ఉంది. ఆ ఇంటివాళ్లేమో, "నీ బదులు ఇంకొకర్ని తెచ్చి వెళ్లు" అన్నారు. ఆ ఇంకొకరు దీవెన. పిల్లకి పాస్‌పోర్టు వచ్చేసింది. ఏజెంటు వీసా పనిలో ఉన్నాడు.

తల్లీకూతుళ్లు ఫోన్లో ఒప్పందానికి వచ్చారు. సెలక్షన్లో పేరొస్తే దీవెన ఇక్కడే ఉంటుంది. రాకపోతే విమానం ఎక్కుతుంది.

అంటే తల్లి ఇంటికి రావాలంటే కూతురు ఓడాలి. అటువంటి ఆట నేనెప్పుడూ ఆడించలేదు.

ఇదిలా ఉండగా మా పి.డి. గారు, అంటే ఆ కుర్చీ మేష్టారి తర్వాత వచ్చిన ఆటల మేష్టారు, మొహం వేలాడేసుకుని వచ్చారు. నెమ్మదస్తుడు, నిబంధనలన్నీ తెలిసినవాడు, నా అరుపుల్ని ఓపికగా భరించినవాడు. "మార్తమ్మా, సెలక్షన్ ముందురోజు మన గ్రౌండులో కొత్త ఎమ్మెల్యేగారికి సన్మాన సభంట. ప్రిన్సిపాల్‌గారు ఒప్పుకున్నారు."

కొత్త ఎమ్మెల్యే అంటే మా సుహాసిని.

కొత్త ఎమ్మెల్యే ఇంటి ముందు

ఇటుకబట్టీ కూలీల పిల్ల సుహాసిని. కబడ్డీతో కానిస్టేబులైంది. కొన్నాళ్లు చేసి, ఉద్యోగం వదిలి రాజకీయాల్లోకి దిగింది, గెలిచింది. ఇక చూడాలి జనాన్ని. మనలో పుట్టి, మనలా పస్తులుండి, ఆడి పైకొచ్చిన పిల్ల గెలిచిందంటే రేపట్నుంచి కాలవల్లో పాలు పారతాయనుకున్నారు. నేను కూడా అనుకున్నాను, దాచడమెందుకు.

సభ మార్చమని అడగడానికి వెళ్లాను. ఆ ఇంటి ముందు తిరణాలలా ఉంది. నా ముందున్నాయన తన వీధి మలుపులో బస్సు ఆపించమంటున్నాడు. ఒక ముసలామె, కోడలు కాఫీలో పంచదార తగ్గించేస్తోందని చెప్పడానికి వచ్చింది. ఇంకొకాయన కొడుకుని వెంటబెట్టుకొచ్చాడు.

"వీడికి ఏదైనా ఉద్యోగం వేయించాలండీ."

"ఏం చదివేడండీ?" అని అడిగాడు బుజ్జిబాబు. సుహాసిని పక్కనుండి పనులన్నీ చూసే మనిషి. తెల్లచొక్కా, రెండు ఫోన్లు.

"ఏమీ రాదండీ వీడికి. అందుకే ఇక్కడికొచ్చేం."

నన్ను చూసి సుహాసిని గబగబా వచ్చి కాళ్లకి దణ్ణం పెట్టింది. ఎవరో ఫొటో తీశారు. "మా గురువుగారండీ" అని అందరికీ చూపించింది. పదిమందిలో 'అండీ' అనాలని దారి పొడుగునా అనుకుంటూ వెళ్లాను గాని నోరు మాట వినలేదు.

"సభ ఇంకోచోట పెట్టుకోవే. మర్నాడు సెలక్షన్లు. కోర్టు పాడైతే ఆట రద్దవుతుంది. ఒక పిల్ల బతుకు దానిమీద ఉంది."

"అయ్యో, నాకెవరూ చెప్పలేదండీ అక్కా! బుజ్జిబాబూ, చూడండి."

"ఫ్లెక్సీలు కొట్టించేసేమండీ. క్రేను కూడా చెప్పేసేం. గజమాలండీ అక్కగారూ, మనూళ్లో ఎవరికీ వెయ్యనంతది!"

"కోర్టు జోలికి ఎవరూ వెళ్లరండీ అక్కా. నేను మాట్లాడతాను" అంది సుహాసిని.

కబడ్డీలో బాక్ లైన్ అని ఒక గీత ఉంటుంది. కూతకెళ్లినవాళ్లు ఎదుటి సగంలో కనీసం ఆ గీతైనా దాటి రావాలి, లేకపోతే ఔటు. సుహాసిని ఆడేరోజుల్లో పట్టు పట్టడంలో దిట్టే గాని, కూతకెళ్తే మాత్రం సరిగ్గా ఆ గీత దాటి, ఎవరినీ తాకకుండా వెనక్కొచ్చేసేది. ఔటయ్యేది కాదు, పాయింటూ తెచ్చేది కాదు.

"ఇంకా బాక్ లైన్ దగ్గరే తిరుగుతున్నావే" అన్నాను. అది నవ్వింది. బుజ్జిబాబు ఇదేదో పొగడ్త అనుకుని చప్పట్లు కొట్టాడు.

గజమాల

సభరోజు మధ్యాహ్నం ఒక జల్లు పడింది. గ్రౌండంతా చిత్తడి. క్రేను వచ్చింది. దాని డ్రైవరు చుట్టూ చూశాడు. బురద బురదగా ఉన్న గ్రౌండు మధ్యలో మా కోర్టు ఒక్కటే ఎత్తుగా, నున్నగా, గట్టిగా కనబడింది. చుట్టూ కట్టిన తాడు ఏదని మీరడగొచ్చు. బుజ్జిబాబు మనుషులు ఫ్లెక్సీలు కట్టుకోడానికి విప్పుకుపోయారు. ఊళ్లో తాడు దొరకనట్టు!

ఆరోజు జనాన్ని చూసుకోమని నన్ను గేటు దగ్గర పెట్టారు. అక్కణ్నుంచి పరిగెత్తేలోపు క్రేను కోర్టెక్కి, గజమాలని పైకి లేపి, వేదికమీద నిలబడ్డ సుహాసిని నెత్తిమీదికి జరుపుతోంది. డప్పులు మోగుతున్నాయి. అప్పుడు ఒక పక్క చక్రాలు మెల్లగా, ఏ హడావుడీ లేకుండా, పొట్టులోకి దిగాయి. ఇరుసు దాకా దిగాయి. క్రేను ఒరిగి ఆగిపోయింది. బంతిపూల మాల, ఏనుగు తొండమంత లావుది, కిందికీ రాదు పైకీ పోదు, ఎమ్మెల్యే నెత్తిమీద గాల్లో ఊగుతోంది. డప్పులవాళ్లకి ఆపమని ఎవరూ చెప్పలేదు, వాళ్లు వాయిస్తూనే ఉన్నారు.

సుహాసిని మైకు పట్టుకుంది. జనం ఆమె మొహంలోకి చూస్తున్నారు. ఏదో ఒకటి చెప్పాలి కదా. "ఈ గ్రౌండులో ఇండోర్ స్టేడియం కట్టిస్తానని మాటిస్తున్నాను!" అంది. చప్పట్లే చప్పట్లు. ఈలలు.

నేను వేదిక కిందికెళ్లి, కూత నేర్పిన గొంతుతో అరిచాను. "స్టేడియం తర్వాతే! ముందు ఈ క్రేను తియ్యవే!"

డప్పులు ఆగాయి. బుజ్జిబాబు నా భుజం పట్టుకోబోయాడు. "అక్కగారూ, తర్వాత మాట్లాడుకుందామండీ."

"చెయ్యి తియ్యి. పట్టు పట్టేనంటే లేవలేవు."

సుహాసిని పైకి మాలవైపు చూసింది, కిందికి కోర్టువైపు చూసింది. మా పిల్లలు కోర్టు గట్టున వరసగా నిలబడి ఉన్నారు. ఏడవడం లేదు. చూస్తున్నారు, అంతే. తను ఒకప్పుడు ఏ మూల నిలబడేదో అక్కడ ఇప్పుడు దీవెన నిలబడి ఉంది.

మైకులో సుహాసిని గొంతు మారింది. "ప్రసంగం లేదండీ. సన్మానం లేదు. ఎవరూ కదలొద్దు. ట్రాక్టర్లున్నవాళ్లు చేతులెత్తండి. పీచు మిల్లు సుబ్బారావుగారు, కనబడుతున్నారు, వెనక్కి తిరక్కండి. రెండు బళ్ల పొట్టు కావాలి. కోర్టు మళ్లీ కోర్టయ్యేదాకా బిర్యానీ పొట్లాలు విప్పరు."

ఆ చివరి మాట పనిచేసింది. తమ కష్టాలు తీరుస్తుందని ఆటోలెక్కి వచ్చినవాళ్లంతా పారలు పట్టారు. బస్సు ఆపించమన్నాయన మట్టి జల్లించాడు. ఏమీ రాదని తండ్రి తీసుకొచ్చిన కుర్రాడు క్రేనుకి గొలుసు కట్టిన తీరు చూస్తే, వాడికి ఏదో ఒకటి వచ్చనే తేలింది. రెండు ట్రాక్టర్లు లాగితే క్రేను బయటపడింది. దీపాలు పెట్టే వేళకి కోర్టు చదునైంది.

నిజం చెప్పాలి. సుహాసిని పార పట్టింది ఫొటోకే. కానీ అంతసేపూ అక్కడే నిలబడి, ఒక్కర్నీ జారుకోనివ్వలేదు. అది పార పట్టడంకంటే పెద్ద పని. బాక్ లైన్ దాటి లోపలికెళ్లి తాకి రావడం దానికి అదే మొదటిసారి.

తెరలోంచి తిట్లు

మర్నాడు సెలక్షన్. చక్రం దిగిన మూల ఇంకా మెత్తగానే ఉంది. పి.డి. గారు దాచకుండా సెలక్టర్లకి చెప్పేశారు. సగం ఆట అయ్యాక ఇరుపక్షాలూ చోట్లు మారతాయి గనుక ఎవరికీ అన్యాయం లేదని వాళ్లు ఒప్పుకున్నారు.

దీవెన కూతకెళ్లింది. గీత దాటింది, తిరిగొచ్చేసింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ ఖాళీచేతులతో వచ్చింది. ఊపిరి ఉంది, కాళ్లున్నాయి, ఎదుట దొరికే మనిషీ ఉంది. తాకడం లేదు. పిల్ల ఓడుతోంది. కావాలనే ఓడుతోంది. వాళ్లమ్మని ఇంటికి తెస్తోంది.

టైమవుట్లో దగ్గరికి పిలిచాను గానీ ఏమనాలో తెలీలేదు. ఆడు అంటే తల్లి మోకాళ్లు. ఓడు అంటే ఈ పిల్ల బతుకు. ఇటువంటిచోట కోచ్ ఏం చెప్పాలో మీ కోర్సుల్లో ఉందేమో చూడండి.

అంతలో పి.డి. గారి చేతిలోంచి ఒక గొంతు. ఆయన ఫోను పట్టుకుని గట్టున నిలబడి, మొదటినుంచీ రత్నానికి వీడియోలో ఆట చూపిస్తున్నారు. ఆ సంగతి నాకు తెలీదు. తెరమీద పొయ్యి, గిన్నెలు, వాటి మధ్య తలకి గుడ్డ కట్టుకున్న మొహం.

"ఏటే ఆ నడక! పెళ్లికెళ్తన్నావా?"

దీవెన తల దించుకుంది.

"నాకు తెలవదనుకున్నావేటే? కావాలని తిరిగొచ్చేస్తన్నావు. ఆట రాకపోతే రాలేదను, ఊరుకుంటాను. వచ్చి ఆడకపోతే మటుకు ఇక్కడికి రానివ్వను నిన్ను. ఈ గిన్నెలు నాయి. నేనే తోంకుంటాను. నీకివ్వను. పో, లోపలికెళ్లు!"

అవతల ఎవరో పిలిచినట్టున్నారు, తెర ఆరిపోయింది. పి.డి. గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు, ఎండకి చెమట పట్టిందన్నారు.

దీవెన ఆ తర్వాత ఆడిన ఆట గురించి నేను ఎక్కువ రాయను, గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది. ఎదుటివాళ్లని ఆ మెత్తటి మూలకి లాగింది. దిగబడ్డ కాలు వాళ్లు పైకి లాక్కునేలోపు తాకి ఇవతలుంది. పేర్లు చదివినప్పుడు దాని పేరుంది.

మర్నాటి పేపర్లో "పేదరికాన్ని ఓడించిన కోనసీమ బిడ్డ" అని వేశారు. పక్కన పార పట్టుకున్న ఎమ్మెల్యే ఫొటో. గిన్నెల గురించి ఎక్కడా లేదు.

ఔటయినవాళ్లు

ఇది జరిగి రెండేళ్లవుతోంది. నేను రిటైరయ్యాను, గ్రౌండుకి పోవడం మాత్రం మానలేదు. స్టేడియం సంగతి అడుగుతారేమో. శంకుస్థాపన రాయి వేశారు. మంచి నల్లరాయి, పిల్లలు దానిమీద తువ్వాళ్లు ఆరేసుకుంటారు. సుహాసినిని నేను తిట్టను. పది అడిగితే ఒకటి చేస్తోంది. వీధి మలుపులో బస్సు ఆగుతోంది, ఆ గొలుసు కట్టిన కుర్రాడు ట్రాక్టరు షెడ్డులో పనిచేస్తున్నాడు. ఇంతకుముందు వాళ్లు పదీ చేస్తామని ఒకటీ చేయలేదు. మీకు చెప్పేది ఒకటే. నాయకుల్ని ఏదైనా అడగాలనుకుంటే ఇంటి ముందు లైన్లో నిలబడి అడక్కండి. వాళ్ల క్రేను దిగబడ్డప్పుడు అడగండి.

దీవెన ఇంకా అకాడమీలోనే ఉంది. ఉద్యోగం రాలేదు, వస్తుందని నేను మాటివ్వను. మొన్న సెలవులకొచ్చి మా పిల్లలతో ఒక ఆట ఆడింది. అదే సమయానికి రత్నానికి కూడా ఇన్నాళ్లకి సెలవు దొరికింది. మెల్లగా, ఒక్కో అడుగూ చూసుకుంటూ నడిచొచ్చి, ఆ నల్లరాయి మీద నా పక్కన కూర్చుంది. కూతురి ఆట కళ్లెదుట చూడటం మొదటిసారి.

మొదటి కూతకే దీవెన దొరికిపోయింది. ఒక కొత్త పిల్ల చీలమండ పట్టి పడేసింది.

"దీనికేనా నేనక్కడ గిన్నెలు తోముతున్నాను!" అని రత్నం గట్టిగానే అంది. పిల్లలంతా నవ్వారు. దీవెన కూడా నవ్వుతూ, పొట్టు దులుపుకుని, గీత బయటికొచ్చి కూర్చుంది.

"అదేటండీ, బయట కూర్చుంది?"

"ఔటయింది కదా. వాళ్ల టీములో ఇంకొకరు వెళ్లి ఎవరినైనా తాకొస్తే, ఇది లేచి మళ్లీ లోపలికెళ్తుంది."

"అంతవరకూ కూర్చోవడమేనా?"

"ఆయ్. అంతవరకూ కూర్చోవడమే."

రత్నం రెండు అరచేతులతో మోకాళ్లు రుద్దుకుంటూ కోర్టువైపు చూసింది.

"అయితే కాస్త తొందరగా తాకమనండీ" అంది. "నా విమానం వచ్చేవారమే."